నెట్‌వర్క్ ల్యాబ్‌లో డిస్క్ ఇమేజ్‌లు: పూర్తి కాపీ మేలా, ఓవర్‌లే మేలా, కంటైనర్ సరిపోతుందా?

నెట్‌వర్క్ ల్యాబ్, అంటే రౌటర్లు, స్విచ్‌లు సాఫ్ట్‌వేర్‌గా నడుపుకునే ఏర్పాటు, కట్టుకునేవాళ్లు ఎక్కువగా తర్జనభర్జన పడేది సిమ్యులేటర్ గురించి. జీఎన్‌ఎస్3 పెట్టుకోవాలా, ఈవ్-ఎన్‌జీయా, సిస్కో వాళ్ల సీఎంఎల్ కొనుక్కోవాలా అని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. కొన్ని నెలల తర్వాత కూడా మీ ల్యాబ్ ఆన్ చేయగానే లేస్తుందా, లేక డిస్క్ నిండిపోయి సగం నోడ్‌లు (ల్యాబ్‌లోని రౌటర్లు, సర్వర్లు) బూట్ కాక మూలన పడుతుందా అన్నది, డిస్క్ ఇమేజ్‌లను (నోడ్‌ల హార్డ్ డిస్కులను పట్టుకున్న ఫైళ్లను) మీరు ఏ పద్ధతిలో పెట్టుకున్నారన్న దాన్నిబట్టే తేలుతుంది. సిమ్యులేటర్ మార్చడానికి ఒక సాయంత్రం చాలు. చిక్కుపడిపోయిన ఇమేజ్‌లను విడదీయడం మాత్రం మహా చిరాకు పని.

నేను చెప్పబోయే పద్ధతి ఇది: ప్రతి ఓఎస్‌కూ ఒకే ఒక శుభ్రమైన బేస్ ఇమేజ్ పెట్టుకోండి, దాన్ని ఎవరూ తాకకుండా చూడండి. ప్రతి నోడ్‌కూ దాని మీద ఒక పలుచని ఓవర్‌లే, అంటే బేస్‌కు జరిగిన మార్పులు మాత్రమే ఉండే ఫైల్, ఇవ్వండి. కాన్ఫిగరేషన్‌ను డిస్క్‌లో వదిలేయకుండా టెక్స్ట్ ఫైళ్లుగా బయటకు తీసి దాచుకోండి. కంటైనర్‌తో (నడిపే మెషీన్ కెర్నల్‌నే వాడుకునే తేలికపాటి నోడ్‌తో) పని జరిగే చోట వీఎం (సొంత ఓఎస్‌తో నడిచే వర్చువల్ మెషీన్) జోలికి పోకండి. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవీ చెబుతాను.

ముందు ఫార్మాట్ సంగతి

మీ చేతికొచ్చే ఇమేజ్ ఫైళ్లు నాలుగైదు రకాలు. రా ఫార్మాట్‌లో డిస్క్‌లోని బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా ఫైల్‌లో ఉంటాయి. క్యూకౌ2 అనేది వీఎంలను నడిపే క్యూఎము అనే సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్. వీఎండీకే వీఎంవేర్‌ది, వీడీఐ వర్చువల్‌బాక్స్‌ది, వీహెచ్‌డీఎక్స్ హైపర్-వీది. ఇక ఓవీఏ అనేది అసలు డిస్క్ ఫార్మాటే కాదు. వీఎం వివరాలు రాసి ఉన్న ఒక ఓవీఎఫ్ ఫైల్‌ను, దాని వీఎండీకే డిస్కులను కలిపి కట్టిన మామూలు టార్ ఫైల్ అది. టార్ కమాండ్‌తో విప్పితే లోపలి వీఎండీకే బయటకొస్తుంది. దాన్ని క్యూఎము-ఇమేజ్ టూల్‌లోని కన్వర్ట్‌తో క్యూకౌ2గా మార్చుకోవచ్చు.

ఫైల్ పేరు చివర ఉన్న ఎక్స్‌టెన్షన్‌ను మాత్రం నమ్మొద్దు. ఉబుంటు క్లౌడ్ ఇమేజ్ పేరు ఐఎంజీ అని ముగుస్తుంది, లోపల ఉన్నది క్యూకౌ2. దాన్ని రా అని సిమ్యులేటర్‌కు చెబితే, బూట్ సెక్టర్ ఉండాల్సిన చోట క్యూకౌ2 హెడర్ కనబడుతుంది, బూట్ చేయడానికి డిస్కే లేదంటూ వీఎం ఆగిపోతుంది. చూసేవాళ్లకు ఇమేజ్ పాడైందనిపిస్తుంది. అందుకే ఏ ఇమేజ్ చేతికొచ్చినా మొదట క్యూఎము-ఇమేజ్ టూల్‌లో ఇన్ఫో కమాండ్ ఇవ్వండి. అసలు ఫార్మాట్ ఏమిటి, వీఎంకు కనబడే సైజు ఎంత, మీ డిస్క్ మీద నిజంగా ఆక్రమించింది ఎంత, వెనక ఇంకో ఫైల్ మీద ఆధారపడి ఉందా అన్నవి అక్కడే తెలిసిపోతాయి.

జీఎన్‌ఎస్3, ఈవ్-ఎన్‌జీ, సీఎంఎల్ మూడూ వీఎంలను నడిపేది క్యూఎముతోనే. కాబట్టి క్యూకౌ2 తీసుకోండి, ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. జీఎన్‌ఎస్3లో వర్చువల్‌బాక్స్ వీఎంలను, వీఎంవేర్ వీఎంలను కూడా టోపాలజీలోకి లాక్కురావచ్చు. కానీ ఆ ల్యాబ్ ఇంకో మెషీన్‌కు మార్చేటప్పుడు ఆ వీఎంలను విడిగా మోసుకుపోవాలి. తప్పనిసరైతే తప్ప అటు వెళ్లొద్దంటాను.

రా ఫార్మాట్‌కు కూడా ఒక చోటుంది. ఎడతెగకుండా రాసే పని ఉన్న వీఎంకు, అంటే లాగ్ సర్వర్‌కో డేటాబేస్‌కో, మధ్యలో క్యూకౌ2 పట్టికలు వెతికే శ్రమ లేకుండా రా నేరుగా పనిచేస్తుంది. పైగా రా ఇమేజ్‌ను బేస్‌గా పెట్టి దాని మీద క్యూకౌ2 ఓవర్‌లే వేసుకోవచ్చు. మైక్రోటిక్ వాళ్ల సీహెచ్‌ఆర్ అనే వర్చువల్ రౌటర్ రా రూపంలో కూడా దొరుకుతుంది, దాన్ని మార్చకుండానే బేస్‌గా వాడుకోవచ్చు. రాతో ఒక్క ఇబ్బంది ఏమిటంటే, ఫైల్‌లోని ఖాళీలు లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌లో చోటు తీసుకోకపోయినా, జాగ్రత్త లేకుండా ఇంకో మెషీన్‌కు కాపీ చేస్తే ఆ ఖాళీలన్నీ సున్నాలుగా నిండిపోతాయి. 300 ఎంబీ కూడా లేని ఇమేజ్ అవతలి వైపు 10 జీబీ అయి కూర్చుంటుంది. ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌లో స్పార్స్ ఆప్షన్ పెడితే ఈ బాధ ఉండదు.

పూర్తి కాపీయా, ఓవర్‌లేనా

అసలు నిర్ణయం ఇక్కడుంది. పది రౌటర్ల ల్యాబ్ కావాలి, ఇమేజ్ సైజు 1.5 జీబీ అనుకోండి. పది కాపీలు తీస్తే 15 జీబీ. అదే ఒక బేస్ పెట్టి పది ఓవర్‌లేలు వేస్తే బేస్‌కు 1.5 జీబీ, ఒక్కో ఓవర్‌లేకు పుట్టినప్పుడు 200 కేబీ లోపే. కాన్ఫిగ్ సేవ్ చేసి, నాలుగు లాగ్‌లు రాశాక కూడా రౌటర్ ఓవర్‌లే సాధారణంగా కొన్ని పదుల ఎంబీ దగ్గరే ఉంటుంది.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. అచ్చు పేజీ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, దిద్దుబాట్లన్నీ ఆ పేపర్ మీదే రాసుకున్నట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. క్యూకౌ2 డిస్క్‌ను క్లస్టర్లుగా విడదీస్తుంది. ఏమీ మార్చకపోతే ఒక్కో క్లస్టర్ 64 కేబీ. వీఎం ఏదైనా చదవాలంటే ముందు ఓవర్‌లేలో ఆ క్లస్టర్ ఉందేమో చూస్తుంది, లేకపోతే బేస్ నుంచి తెచ్చుకుంటుంది. రాయాలంటే మాత్రం ఎప్పుడూ ఓవర్‌లేలోనే రాస్తుంది. చిన్న మార్పు చేసినా ఆ 64 కేబీ క్లస్టర్ మొత్తం ఓవర్‌లేలోకి దిగుతుంది. ఒకసారి దిగాక, లోపల ఫైల్ చెరిపేసినా ఆ చోటు తనంతట తాను తిరిగి రాదు. అందుకే రౌటర్ ఓవర్‌లే సన్నగానే ఉంటుంది. రోజూ అప్‌డేట్లు దించుకునే విండోస్ ఓవర్‌లే మాత్రం చూస్తుండగానే బేస్ అంత అవుతుంది. ల్యాబ్‌లో విండోస్ పెట్టేవాళ్లు ఆటోమేటిక్ అప్‌డేట్‌ను బేస్‌లోనే ఆపేయడం మంచిది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఓవర్‌లేలు వేశాక బేస్‌లో ఒక్క క్లస్టర్ కూడా మారకూడదు. బేస్‌ను నేరుగా బూట్ చేసి "చిన్న అప్‌డేటే కదా" అని ఒక ప్యాకేజ్ ఎక్కించారనుకోండి. పాత ఓవర్‌లేలో ఉన్న ఫైల్‌సిస్టమ్ పట్టికలు పాత బేస్‌ను చూసి రాసినవి. కింద డేటా మారిపోయింది. రెండూ కలిసి వీఎంకు కనబడేది ఎన్నడూ లేని ఒక డిస్క్. కొన్నిసార్లు బూట్ అయిపోతుంది కూడా, అదే ఎక్కువ ప్రమాదం. రెండు రోజుల తర్వాత ఎక్కడో ఒక ఫైల్ తెరుచుకోదు, మీరేమో ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు పంచుకునే ప్రొటోకాల్) ఎందుకు లేవట్లేదని ప్యాకెట్ క్యాప్చర్ ముందు కూర్చుంటారు. బేస్ ఫైల్‌కు రాసే పర్మిషన్ తీసేయండి, ఒక్క కమాండ్ పని.

క్యూఎము-ఇమేజ్‌లోని కమిట్ కూడా ఇదే కోవలోది. ఓవర్‌లేలోని మార్పులను అది బేస్‌లోకి దించేస్తుంది. ఆ బేస్ మీద ఉన్నది ఆ ఒక్క ఓవర్‌లే అయితే పరవాలేదు. మరో తొమ్మిది ఉంటే తొమ్మిదీ పోయినట్టే. బేస్‌లో నిజంగా మార్పు కావాలంటే దారి వేరే ఉంది. ఓవర్‌లేను కన్వర్ట్ చేయండి. బేస్‌తో కలిసి ఒక కొత్త పూర్తి ఇమేజ్ తయారవుతుంది. దానికి పేరులో వెర్షనో తేదీయో పెట్టి కొత్త బేస్‌గా చేర్చండి. పాత ల్యాబ్‌లు పాత బేస్ మీదే ఉంటాయి, కొత్తవి కొత్త దాని మీద. కన్వర్ట్ చేసేటప్పుడు కంప్రెస్ ఆప్షన్ ఇస్తే బేస్ ఇంకా చిన్నదవుతుంది. బూట్ కాస్త నెమ్మదిస్తుంది, అయినా ఎప్పుడూ చదవడమే తప్ప రాయడం లేని బేస్‌కు ఆ బేరం నష్టం కాదు.

ఇంకో చిక్కు ఫైల్ దారి (పాత్) గురించి. బేస్ ఎక్కడుందో ఓవర్‌లే తన హెడర్‌లో రాసుకుంటుంది. మీరు బేస్ ఫోల్డర్ పేరు మార్చినా, వేరే డిస్క్‌కు తరలించినా ఓవర్‌లే తెరుచుకోదు. కంగారు పడక్కర్లేదు, డేటా ఎక్కడికీ పోలేదు. రీబేస్ కమాండ్‌ను అన్‌సేఫ్ ఆప్షన్‌తో ఇచ్చి కొత్త దారి చెబితే హెడర్‌లోని ఆ ఒక్క వరుస మారుతుంది. కాకపోతే కొత్త దారిలో ఉన్నది అక్షరాలా అదే బేస్ అయి ఉండాలి, అది చూసే పూచీ మీదే. ముందే చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో చెప్పే గుర్తు సంఖ్య) రాసి పెట్టుకుంటే ఇక్కడ పనికొస్తుంది. ఓవర్‌లే తయారుచేసేటప్పుడు బేస్ ఏ ఫార్మాట్‌లో ఉందో కూడా చెప్పాలి. క్యూఎము 6.1 నుంచి అది తప్పనిసరి. పాత గైడ్‌లలోని కమాండ్ యథాతథంగా కొడితే ఎర్రర్ వచ్చేది ఇందుకే.

మరి పూర్తి కాపీ ఎప్పుడు? మూడు సందర్భాల్లో అదే సరైనదని నా అభిప్రాయం. ఇమేజ్‌ను వేరే మెషీన్‌కు లేదా వేరే మనిషికి ఇవ్వాలి, అక్కడ బేస్ లేదు. లేదా ఆ నోడ్ ల్యాబ్‌లో చాలాకాలం ఉండిపోయే సర్వర్, ఓవర్‌లే ఎలాగూ బేస్ అంత పెరిగిపోతుంది. లేదా మీరు ఇంకా బేస్ తయారీలోనే ఉన్నారు. వీటికి బయట పూర్తి కాపీలు తీయడం చోటు దండగ. పైగా ఏ కాపీ ఏ వెర్షనో కొన్నాళ్లకు ఎవరికీ గుర్తుండదు.

బేస్ తయారీలో మరిచిపోయేవి

ల్యాబ్‌లో రెండు ఉబుంటు హోస్ట్‌లు పెట్టారు. రెండింటికీ మ్యాక్ అడ్రస్‌లు వేర్వేరు, ఎందుకంటే అవి సిమ్యులేటర్ ఇస్తుంది. అయినా ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ రెండింటికీ ఒకే ఐపీ ఇస్తోంది. ఒకదాన్నుంచి పింగ్ పెడితే ఒకసారి పోతుంది, ఇంకోసారి పోదు. స్విచ్‌ను అనుమానిస్తారు, వీలాన్ మళ్లీ కడతారు. తప్పు బేస్ ఇమేజ్‌లో ఉంది. లైనక్స్‌లోని సిస్టమ్‌డీ నెట్‌వర్క్ సేవ డీహెచ్‌సీపీకి తన గుర్తింపును మ్యాక్ నుంచి కాకుండా మెషీన్-ఐడీ నుంచి తయారుచేస్తుంది. ఆ మెషీన్-ఐడీ ఫైల్ బేస్‌లోనే నిండి ఉంటే, దాని మీద పుట్టిన ఓవర్‌లేలన్నిటికీ అదే ఐడీ. సర్వర్ దృష్టిలో అవన్నీ ఒకే మెషీన్.

కాబట్టి లైనక్స్ బేస్‌ను మూసేసే ముందు మెషీన్-ఐడీ ఫైల్‌ను ఖాళీ చేయండి. ఫైల్ ఉండాలి, లోపల ఏమీ ఉండకూడదు. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు తీసేయండి, మళ్లీ బూట్‌లో అవి పుట్టే ఏర్పాటు ఉందో లేదో చూడండి. కమాండ్ హిస్టరీ, పాత డీహెచ్‌సీపీ లీజులు, దించుకున్న ప్యాకేజ్‌ల క్యాష్ చెరిపేయండి. తర్వాత లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్‌లోని వర్ట్-స్పార్సిఫై నడిపితే లోపలి ఖాళీ చోటు వదిలించుకుని ఇమేజ్ చిక్కుతుంది. ఇంత శ్రమ వద్దనుకుంటే డెబియన్, ఉబుంటు వాళ్ల క్లౌడ్ ఇమేజ్‌లు నేరుగా వాడండి. ఈ శుభ్రతంతా వాళ్లే చేసి ఇస్తారు. దానికి సిఐడేటా అనే లేబుల్‌తో చిన్న ఐఎస్‌ఓ తగిలిస్తే, పేరు, యూజర్, కీలు అన్నీ మొదటి బూట్‌లో క్లౌడ్-ఇనిట్ అనే సెటప్ టూల్ పెట్టేస్తుంది.

కంపెనీల ఫైర్‌వాల్ ఇమేజ్‌ల విషయంలో నియమం ఒక్కటే. మొదటి బూట్ కూడా కాని, దించుకున్నది దించుకున్నట్టుగా ఉన్న ఇమేజ్‌నే బేస్‌గా పెట్టండి. చాలావాటిలో సీరియల్ నంబర్, సర్టిఫికెట్లు మొదటి బూట్‌లోనే పుడతాయి. ఒకసారి బూట్ చేసి బేస్ చేశారంటే అన్నీ కవలలే.

స్నాప్‌షాట్ మీద ఆధారపడాలా, కాన్ఫిగ్ దాచుకోవాలా

ల్యాబ్ స్థితిని దాచుకోవడానికి మూడు దారులు. క్యూకౌ2 ఫైల్ లోపలే స్నాప్‌షాట్ తీయొచ్చు, ఓవర్‌లే ఫైళ్లను పక్కకు కాపీ చేసి పెట్టుకోవచ్చు, కాన్ఫిగ్‌ను టెక్స్ట్‌గా బయటకు తీయొచ్చు.

రౌటర్లకూ స్విచ్‌లకూ మూడోదే అని గట్టిగా చెబుతాను. రన్నింగ్ కాన్ఫిగ్ కొన్ని కేబీల టెక్స్ట్. గిట్‌లో పెడితే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వరుస వరుసగా కనబడుతుంది. ఇమేజ్ వెర్షన్ మారినా చాలామటుకు పనిచేస్తుంది, సిమ్యులేటర్ మారినా పనిచేస్తుంది. ఓవర్‌లే అలా కాదు, తన బేస్ లేకపోతే అది ఎందుకూ పనికిరాదు. ఈవ్-ఎన్‌జీలో నోడ్‌ను వైప్ చేస్తే పోయేది ఓవర్‌లేనే. కాన్ఫిగ్ ఎక్స్‌పోర్ట్ చేసి, దాన్ని స్టార్టప్‌గా పెట్టుకుని ఉంటే వైప్ అంటే భయమే ఉండదు. పైగా నోడ్ వింతగా ప్రవర్తించినప్పుడు వైప్ చేసి మళ్లీ లేపడం అన్నిటికంటే చవకైన వైద్యం. సీఎంఎల్‌లో కూడా కాన్ఫిగ్‌లను బయటకు లాగే సౌకర్యం ఉంది. ల్యాబ్ మొత్తం, కాన్ఫిగ్‌లతో సహా, ఒక యామల్ ఫైల్‌గా వచ్చేస్తుంది.

డేటాబేస్ లోపల స్థితి ఉండే వాటికి ఇది కుదరదు. డొమైన్ కంట్రోలర్, అథెంటికేషన్ సర్వర్, మేనేజ్‌మెంట్ కన్సోల్ లాంటివి లేచి స్థిరపడటానికే చాలాసేపు తీసుకుంటాయి, వాటి స్థితి ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఇమడదు. వాటిని పూర్తిగా ఆపి, స్నాప్‌షాట్ తీసుకోండి. నడుస్తున్న వీఎం డిస్క్ ఫైల్‌ను కాపీ చేయడం మాత్రం వద్దు, సగం రాసిన స్థితి చేతికొస్తుంది. నడుస్తున్న ఇమేజ్ మీద మార్పు చేయబోతే క్యూఎము 2.10 నుంచి లాక్ దొరకలేదంటూ ఆపేస్తుంది. ఆ ఎర్రర్‌ను దాటే దారులు వెతక్కండి, అది మీ మేలుకే ఉంది.

కరెంట్ పోయి ల్యాబ్ నడిపే హోస్ట్ మెషీన్ ఒక్కసారిగా ఆగిపోతే క్యూఎము-ఇమేజ్ చెక్ నడపండి. లీక్డ్ క్లస్టర్లు అని వస్తే టెన్షన్ పడక్కర్లేదు, కొంచెం చోటు వృథా అయిందంతే. ఎర్రర్లు అని వస్తే ఆ ఓవర్‌లేను వదిలేసి, కాన్ఫిగ్ నుంచి మళ్లీ కట్టుకోవడమే త్వరగా తేలే పని.

వీఎం ఇమేజా, కంటైనరా

కంటైనర్ ఇమేజ్ కూడా పొరల మీదే నడుస్తుంది. కింద చదవడానికి మాత్రమే ఉండే పొరలు, పైన ఒక్కో కంటైనర్‌కూ రాసుకునే పొర. అందుకే చోటు విషయంలో ఓవర్‌లేకూ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా ర్యామ్‌లోనూ లేచే సమయంలోనూ ఉంటుంది. సొంత కెర్నల్ బూట్ చేసే పని లేదు కాబట్టి ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ కంటైనర్ క్షణాల్లో లేస్తుంది, దానికి కావలసిన ర్యామ్ పదుల ఎంబీల్లోనే ఉంటుంది. అదే సిస్కో ఐఓఎస్‌వీకి 512 ఎంబీ, సీఎస్‌ఆర్1000వీకి 3 నుంచి 4 జీబీ ఇవ్వాలి. నెక్సస్ 9000వీ దగ్గరకొచ్చేసరికి ఒక్క నోడే 8 జీబీ, ఆపైన అడుగుతుంది.

బీజీపీ, ఓఎస్‌పీఎఫ్, ఈవీపీఎన్ లాంటి కంట్రోల్ ప్లేన్ (దారులు నిర్ణయించే భాగం) నేర్చుకోవడం, ఆటోమేషన్ స్క్రిప్టులు పరీక్షించడం, సీఐ పైప్‌లైన్‌లో రోజూ ల్యాబ్ లేపి కూల్చడం మీ పని అయితే కంటైనర్లతో ల్యాబ్ కట్టే కంటైనర్‌ల్యాబ్ అనే టూల్ తీసుకోండి. నోకియా ఎస్‌ఆర్ లైనక్స్ ఇమేజ్ లైసెన్స్ లేకుండా, ఖాతా కూడా తెరవకుండా దొరుకుతుంది. అరిస్టా సీఈఓఎస్‌కు వాళ్ల సైట్‌లో ఖాతా ఉండాలి. టోపాలజీ ఒక యామల్ ఫైల్‌లో ఉంటుంది, కాన్ఫిగ్‌లను సేవ్ కమాండ్‌తో బయటకు తీయొచ్చు. పైన చెప్పిన "డిస్క్ పోయినా ల్యాబ్ పోకూడదు" అన్న పద్ధతికి ఇది పుట్టుకతోనే సరిపోతుంది.

కంటైనర్‌తో కాని పనులు కూడా స్పష్టంగా ఉన్నాయి. హోస్ట్ కెర్నల్‌నే అందరూ పంచుకుంటారు కాబట్టి సొంత కెర్నల్ కావాల్సిన ఓఎస్‌లు, విండోస్, చాలా ఫైర్‌వాల్‌లు ఇందులో ఇమడవు. బూట్‌లోడర్ దగ్గర పాస్‌వర్డ్ రికవరీ, సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ విధానం లాంటివి అభ్యాసం చేయాలంటే నిజమైన డిస్క్‌తో బూట్ అయ్యే వీఎం ఉండాల్సిందే. మధ్యేమార్గంగా వీఆర్‌నెట్‌ల్యాబ్ ఉంది. క్యూకౌ2 ఇమేజ్‌ను, క్యూఎమును కలిపి ఒక కంటైనర్‌లో పెడుతుంది. కంటైనర్‌ల్యాబ్ టోపాలజీలో వీఎం కూడా కలిసిపోతుంది. ర్యామ్ మాత్రం ఏమీ మిగలదు, లోపల నడిచేది వీఎంయే కదా.

సిమ్యులేటర్లు ఇమేజ్‌లను ఎలా చూస్తాయి

డైనమిప్స్‌ను ముందు పక్కన పెట్టేద్దాం. 2005లో క్రిస్టాఫ్ ఫియో మొదలుపెట్టిన ఈ ఎమ్యులేటర్ 7200, 3700 లాంటి పాత సిస్కో రౌటర్ల హార్డ్‌వేర్‌ను అనుకరిస్తుంది. దీనికి కావలసింది ఐఓఎస్ ఇమేజ్, డిస్క్ ఇమేజ్ కాదు. ఐడిల్-పీసీ విలువ (రౌటర్ ఖాళీగా ఉన్నప్పుడు గుర్తించే సెట్టింగ్) కుదరకపోతే ఒక్కో రౌటర్ ఒక్కో సీపీయూ కోర్‌ను మింగేస్తుంది. ఇవాళ కొత్తగా ల్యాబ్ కట్టేవాళ్లకు దీన్ని సూచించను.

జీఎన్‌ఎస్3లో క్యూఎము టెంప్లేట్‌కు లింక్డ్ బేస్ వీఎం అనే టిక్ ఉంటుంది. అది ఉంటే ప్రతి నోడ్‌కూ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఓవర్‌లే పుడుతుంది. తీసేస్తే నోడ్ నేరుగా బేస్‌లోనే రాస్తుంది. బేస్ తయారీకి తప్ప ఆ టిక్ ముట్టుకోవద్దు. అప్లయెన్స్ ఫైళ్లలో ప్రతి ఇమేజ్‌కూ ఎండీ5 చెక్‌సమ్ రాసి ఉంటుంది. మీ దగ్గర ఉన్నది సరైన ఫైలో కాదో దిగుమతి చేసేటప్పుడే తేలిపోతుంది. ఒంటరిగా, ల్యాప్‌టాప్ మీద చదువుకునేవాళ్లకు నా ఓటు దీనికే.

ఈవ్-ఎన్‌జీ అందరూ ఒక సర్వర్‌ను బ్రౌజర్ నుంచి పంచుకునే చోట బాగుంటుంది. ఇందులో ఫోల్డర్ పేరు, ఫైల్ పేరు రెండూ ముఖ్యమే. ఫోల్డర్ పేరు మొదట ఉన్న మాటను బట్టి అది ఏ రకం నోడో, ఫైల్ పేరు హెచ్‌డీఏనా వర్టియోఏనా అన్నదాన్ని బట్టి డిస్క్ ఏ బస్ మీద తగలాలో అది నిర్ణయిస్తుంది. ఇమేజ్ అంతా సరిగ్గానే ఉండి బూట్‌లో డిస్క్ దొరకలేదని వస్తే చూడాల్సింది ఈ పేరే. ఇమేజ్ లోపల వర్టియో డ్రైవర్ ఉంటే వర్టియో వేగంగా ఉంటుంది, లేకపోతే ఐడీఈ లేదా సాటా. ఫైళ్లు చేర్చాక పర్మిషన్లు సరిచేసే కమాండ్ నడపడం మరిచిపోవద్దు.

సీఎంఎల్‌లో సిస్కో ఇమేజ్‌లు దాంతోపాటే, లైసెన్స్‌తో సహా వస్తాయి. ఇమేజ్‌ల వేట అనే బాధ మొత్తం పోతుంది, అదొక్కటే చాలు దాని ధరను సమర్థించడానికి. ఒకేసారి 5 నోడ్‌ల వరకు నడిపే ఉచిత రకం కూడా ఉంది. సిస్కో పరీక్షలకు చదువుతూ ఇంకా ఖర్చు పెట్టాలో వద్దో తేల్చుకోలేనివాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఇమేజ్ ఎక్కడిదన్నది కూడా ఎంపికే

ఎవరో అప్‌లోడ్ చేసిన "అన్ని ఇమేజ్‌లూ ఒకే చోట" మూటలు తీసుకోవద్దని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కంపెనీల లైసెన్స్ షరతులు దానికి ఒప్పుకోవన్నది ఒక సంగతి. ఆ బేస్‌లో ఎవరు ఏ యూజర్‌ను, ఏ కీని పెట్టి ఇచ్చారో మీకు తెలియకపోవడం ఇంకా పెద్ద సంగతి. మీ ల్యాబ్ మీ ఇంటి నెట్‌వర్క్‌కో ఆఫీసు నెట్‌వర్క్‌కో తగిలి ఉంటుంది. కంపెనీ సైట్ నుంచి దించుకోండి, వాళ్లిచ్చిన చెక్‌సమ్‌తో పోల్చండి.

సక్రమంగా, ఉచితంగా దొరికేవాటితోనే చాలా దూరం వెళ్లొచ్చు. సీహెచ్‌ఆర్ ఉచిత లైసెన్స్‌లో ఒక్కో ఇంటర్‌ఫేస్ అప్‌లోడ్ సెకనుకు 1 మెగాబిట్‌కు పరిమితం, ప్రొటోకాల్స్ నేర్చుకోవడానికి అది చాలు. వైఓఎస్ అనే రౌటర్ ఓఎస్ రోలింగ్ ఐఎస్‌ఓలు ఉచితం. వాటితో ఖాళీ క్యూకౌ2 డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేసి మీ బేస్ మీరే తయారుచేసుకోవచ్చు. ల్యాబ్‌లోని హోస్ట్‌లుగా ఆల్పైన్ అనే చిన్న లైనక్స్ పెట్టుకుంటే పింగ్, ఐపెర్ఫ్ లాంటి వాటికి భారీ డెస్క్‌టాప్ అక్కర్లేదు.

మెషీన్ ఎంపిక గురించి కొంచెం

మొదట ర్యామ్, తర్వాత ఎస్‌ఎస్‌డీ. ఓవర్‌లే పద్ధతిలో పది నోడ్‌లు ఒకేసారి లేస్తే పదీ ఒకే బేస్‌ను చదువుతాయి. ఒకసారి చదివిన భాగం హోస్ట్ క్యాష్‌లో ఉంటుంది కాబట్టి మిగతా తొమ్మిదికీ పని సులువవుతుంది. పది వేర్వేరు కాపీలకు ఈ లాభం లేదు. హోస్ట్‌లో కేవీఎం (వీఎంలను నేరుగా సీపీయూ మీద నడిపే లైనక్స్ సౌకర్యం) అందుబాటులో ఉందో లేదో ముందే చూసుకోండి. ల్యాబ్ ఒక వీఎం లోపల నడుస్తుంటే నెస్టెడ్ వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. కేవీఎం లేకపోతే క్యూఎము ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ సాఫ్ట్‌వేర్‌లో అనువదిస్తుంది, బరువైన రౌటర్ ఇమేజ్‌లు లేవడానికే ఓపిక నశిస్తుంది. ఆర్మ్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎక్స్86 ఇమేజ్‌లకు ఇదే గతి. అలాంటి మెషీన్ ఉన్నవాళ్లు ఆర్మ్ కోసం కట్టిన కంటైనర్లు వాడాలి, లేదా ఎక్కడో ఉన్న ఎక్స్86 సర్వర్‌కు కనెక్ట్ కావాలి.

మీ పరిస్థితికి ఏది

పరీక్షకు ఒంటరిగా చదువుతున్నారు, 16 జీబీ ల్యాప్‌టాప్ ఉంది అంటే జీఎన్‌ఎస్3, క్యూకౌ2, లింక్డ్ బేస్. హోస్ట్‌లన్నీ కంటైనర్లు, నిజంగా అవసరమైన రౌటర్లు మాత్రమే వీఎంలు. డేటా సెంటర్ ఫ్యాబ్రిక్, ఆటోమేషన్ మీద పనిచేసేవాళ్లు నేరుగా కంటైనర్‌ల్యాబ్‌కు వెళ్లండి. రకరకాల కంపెనీల ఫైర్‌వాల్‌లు కలిపి పరీక్షించే ఇంజనీర్‌కు ఈవ్-ఎన్‌జీ సర్వర్, ప్రతి వెర్షన్‌కూ విడి బేస్. ఫైర్‌వాల్ మేనేజ్‌మెంట్ సర్వర్ ఒక్కదానికి మాత్రం పూర్తి కాపీ.

ఒక తరగతి మొత్తానికి ల్యాబ్ నడిపేవాళ్లకు ఇంకో మాట. విద్యార్థులు ముప్పైమంది ఉంటే ముప్పైమందికీ ఒకే బేస్ ఉంటుంది, దాన్ని మార్చే అధికారం ఒక్కరి చేతిలోనే ఉండాలి. టర్మ్ మధ్యలో ఎంత చిన్న మార్పైనా ఆ బేస్‌లో చేయకండి, కొత్త పేరుతో కొత్త బేస్ పెట్టండి. ప్రతి ల్యాబ్ చివర విద్యార్థులు తమ కాన్ఫిగ్ ఎక్స్‌పోర్ట్ చేసి అప్పగించాలనే నియమం పెట్టండి. టర్మ్ అయ్యాక ఓవర్‌లేలన్నీ చెరిపేయండి, పాత బేస్ మీద ఆధారపడిన ఫైల్ ఒక్కటీ మిగల్లేదని ఇన్ఫో కమాండ్‌తో చూసుకుని అప్పుడు ఆ బేస్‌ను తీసేయండి.